రాణిగంజ్‌లో సోనిక్ స్క్రూడ్రైవర్: సైఫై సీరియళ్ల ప్రాప్ రెప్లికాలు ఎలా సేకరించాలి

“స్క్రూడ్రైవరా? ఎంత సైజు?” అన్నాడు సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపులో అన్న. ఫోన్ తీసి ఫొటో చూపించాను. ‘డాక్టర్ హూ’ అనే బ్రిటిష్ సైఫై సీరియల్లో హీరో డాక్టర్ జేబులో ఉండే సోనిక్ స్క్రూడ్రైవర్ అది. ఆయన రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేసి, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, “గిది స్క్రూడ్రైవర్ ఎట్లయితది సార్, మొననే లేదు గదా” అన్నాడు. నిజమే. 1968లో తెరమీదికి వచ్చిన నాటి నుంచీ దానికి మొన లేదు. శబ్దంతోనే మరలు ఊడదీస్తుందని కథ. కానీ దాన్ని తయారుచేసుకోవడానికి నాకు కావలసిన అల్యూమినియం రాడ్డు, రబ్బరు ఓ-రింగులు, ఇత్తడి వాషర్లు మాత్రం ఆ వీధిలోనే దొరికాయి.

సీరియళ్లలో నటులు వాడే వస్తువులకి, అంటే ప్రాప్‌లకి, నకళ్లు సేకరించే ఈ సరదా కొత్తగా పట్టుకున్నవాళ్లు నన్ను అడిగేది ఒకటే: “హైదరాబాద్‌లో ఇవి ఎక్కడ అమ్ముతారు?” ఫలానా షాపుకెళ్లండి అని చెప్పగలిగే షాపేదీ నా లెక్కలో లేదు. అయితే అసలు ప్రాప్‌లు ఎలా పుట్టాయో తెలిస్తే ఆ దిగులు పోతుంది. ‘డాక్టర్ హూ’ కోసం 1963లో రేమండ్ క్యూసిక్ డిజైన్ చేసిన విలన్ డాలెక్‌కి చెయ్యి ఏమిటనుకున్నారు? సింకు జామ్ అయితే మనం వాడే రబ్బరు పంపు. స్టార్ ట్రెక్ మొదటి సీరియల్లో డాక్టర్ మెకాయ్ చేతిలోని వైద్య పరికరాల్లో కొన్ని నిజానికి ఉప్పు డబ్బాలు. భోజనం సీను కోసం కొన్నారు. మరీ వింతగా ఉన్నాయి, చూసేవాళ్లు ఉప్పు డబ్బాలని గుర్తుపట్టరని డాక్టరుకి ఇచ్చేశారు. చేతిలో డబ్బు తక్కువై, బజారులో దొరికినదాన్నే బోర్లించి భవిష్యత్తు అని చూపించిన పనితనం అది. బజార్ల విషయంలో మన ఊరికేం తక్కువ?

ముందు వస్తువు కాదు, షాట్ ఎంచుకోండి

“నాకొక కమ్యూనికేటర్ (స్టార్ ట్రెక్‌లో మూత తెరిచి మాట్లాడే చేతి ఫోన్‌లాంటిది) కావాలి” అనుకుంటే డబ్బు తగలేస్తారు. ఏ ఎపిసోడ్‌లో, ఏ షాట్‌లో, ఎవరి చేతిలో ఉన్న కమ్యూనికేటర్ అని అడుక్కోండి. ఒకే వస్తువుకి సెట్‌లో చాలా రూపాలుంటాయి. క్లోజప్‌లో చూపించడానికి శ్రద్ధగా చేసింది ‘హీరో’ ప్రాప్. నటుడు పరిగెత్తి పడిపోయే సీనులో నడుముకి ఉండేది ‘స్టంట్’ ప్రాప్, ఎక్కువసార్లు రబ్బరుతోనో ఫోముతోనో పోసినది. వెనకాల నిలబడ్డవాళ్ల చేతుల్లోవి ఇంకా మోటుగా ఉంటాయి. వీటిలో దేనికి నకలు చేసినా అది ‘అసలుకి నకలే’. కానీ మూడింటినీ కలిపి ఒకటి చేస్తే అది ఏ షాట్‌లోనూ లేని వస్తువు అవుతుంది.

కమ్యూనికేటర్‌నే తీసుకోండి. 1966లో మొదలైన స్టార్ ట్రెక్ కోసం దాన్ని చేసింది వా చాంగ్ అనే కళాకారుడు. మూత తెరిస్తే మధ్యలో గిర్రున తిరిగే గీతల చక్రం కనిపిస్తుంది. రెండు గీతల పలకలు ఒకదాని మీద ఒకటి కదిలితే పుట్టే మాయ అది. హీరో ప్రాప్‌లో ఆ చక్రాన్ని తిప్పింది మామూలు స్టాప్‌వాచ్ యంత్రం. బ్యాటరీ లేదు, మోటారు లేదు, కీ ఇచ్చి నొక్కడమే. మీరు మూత మూసి ఉన్న షాట్ ఎంచుకుంటే ఇదేమీ అక్కర్లేదు, నల్లటి డబ్బా, ఇత్తడి రంగు జాలీ మూత ఉంటే చాలు. తెరిచిన షాట్ ఎంచుకుంటే మాత్రం ఒక స్టాప్‌వాచ్‌కి ఎసరు పెట్టాల్సిందే.

అందుకే ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఒక్కో వస్తువుకి ఒక పేజీ. ఎపిసోడ్ పేరు, ఎన్నో నిమిషం, వస్తువు ఏ పక్క కనిపిస్తోంది, లైటు వెలుగుతోందా, రంగు ఎక్కడ ఊడింది — ఇవన్నీ రాయండి. పేజీలో సగం ఖాళీగా ఉంచి స్క్రీన్‌షాట్ ప్రింటు అతికించండి. ఆర్నెల్ల తర్వాత “ఈ బటన్ ఎర్రగా ఉంటుందా, నారింజ రంగా” అనే గొడవ వస్తుంది. అప్పుడు తీర్పు చెప్పేది ఆ పేజీయే. రంగు విషయంలో ఒక్క హెచ్చరిక: పాత సీరియల్ డీవీడీలో ఒక రంగు, తర్వాత మెరుగుపరిచిన వెర్షన్‌లో మరో రంగు కనిపిస్తాయి. ఏది చూసి వేస్తున్నారో కూడా రాసుకోండి.

మొదటి రెండు వస్తువులు దాదాపు ఉచితం

కొత్తవాళ్లకి నేను మొదట చేయమనేది కాగితం. నవ్వకండి. 2004లో మొదలైన ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’లో కాగితం అన్నది ఏదైనా సరే, ఫైలైనా పుస్తకమైనా, నాలుగు మూలలూ కోసేసి ఎనిమిది భుజాలతో ఉంటుంది. సీరియల్ మొత్తం అంతే. ఒక ఎపిసోడ్ ఆపి, తెరమీది ఆర్డరు కాగితాన్ని చూసి మళ్లీ టైప్ చేసి, కాస్త మందం కాగితం మీద ప్రింటు తీసి, మూలలు కోయండి. కోతకి ముందు అట్టముక్కతో త్రికోణం అచ్చు చేసుకుంటే నాలుగు మూలలూ ఒకేలా వస్తాయి.

నేను మొదటిసారి కోఠిలో ఒక జిరాక్స్ షాపులో యాభై కాగితాలు కటింగ్ మిషన్‌లో పెట్టి మూలలు కొట్టమన్నాను. కుర్రాడు కాగితాలు చూశాడు, నన్ను చూశాడు. “అన్నా, కట్ చేస్తే పేపర్ ఖరాబైతది. మళ్ల నన్ను అనొద్దు” అన్నాడు. ఖరాబ్ చేయడానికే తెచ్చానంటే, పక్క షాపువాణ్ణి కూడా పిలిచి చూపించాడు. మొత్తానికి ఖర్చు ఒక టిఫిన్ డబ్బులు కూడా కాలేదు.

రెండోది ట్రిబుల్. 1967 నాటి స్టార్ ట్రెక్ ఎపిసోడ్‌లో ఓడ నిండా పుట్టుకొచ్చే బొచ్చు ముద్దలు. అవి చేసిందీ వా చాంగే, నకిలీ బొచ్చు గుడ్డలో ఫోము కూరి. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో బొచ్చు గుడ్డ అరమీటరు తీసుకుంటే నాలుగైదు ట్రిబుళ్లు వస్తాయి. గుండ్రంగా కోసి, అంచు చుట్టూ కుట్టు వేసి దారం లాగితే సంచిలా ముడుచుకుంటుంది. దూది కూరి ముడి వేయండి. గుడ్డని ముందువైపు నుంచి కత్తిరించకండి. వెనక్కి తిప్పి, బ్లేడుతో కింది నేతని మాత్రమే కోయండి. లేకపోతే బొచ్చు కూడా తెగి క్షవరం చేసినట్టు గీత పడుతుంది.

కొనేటప్పుడు

అమ్మకంలో ఉన్నవి స్థూలంగా నాలుగు రకాలు. మొదటిది బొమ్మ: పిల్లల కోసం చేసింది, కొలతలు కాస్త అటూ ఇటూగా ఉంటాయి, బటన్ నొక్కితే మోగుతుంది. రెండోది లైసెన్సుతో వచ్చే రెప్లికా. మూడోది అభిమానులు చిన్న సంఖ్యలో పోసి అమ్మే కిట్, రంగు మీరే వేసుకోవాలి. నాలుగోది నిజంగా షూటింగ్‌లో వాడినది.

నాలుగోదాని జోలికి నేను పోను, మిమ్మల్ని కూడా పోవద్దనే అంటాను. 2006లో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేసిన స్టార్ ట్రెక్ వేలంలో ఎంటర్‌ప్రైజ్-డి ఓడ మోడల్ 5,76,000 డాలర్లకి పోయింది. అదే వేలంలో సీరియల్లో కెప్టెన్ పికార్డ్ వాయించే చిన్న పిల్లనగ్రోవి 48,000 డాలర్లు పలికింది. తమాషా ఏమిటంటే అది మోగదు. ఊదితే పలకని పిల్లనగ్రోవి. ఆ ఒక్క విషయం నాకు ఎంతో ధైర్యమిచ్చింది: నా చేతిలో ఉన్న ఇత్తడి గొట్టం కూడా మోగదు, ఆ లెక్కన అది అసలుకి చాలా దగ్గర.

లైసెన్సు రెప్లికాల్లో ది వాండ్ కంపెనీ చేసినవి చూడండి. వాళ్ల సోనిక్ స్క్రూడ్రైవర్ టీవీ రిమోట్‌గా పనిచేస్తుంది, చేయి తిప్పితే చానల్ మారుతుంది. వాళ్ల కమ్యూనికేటర్ బ్లూటూత్‌తో ఫోన్‌కి కలుస్తుంది. ఆఫీసు మీటింగు అందులోంచి మాట్లాడాను నేను, మేనేజరుకి తెలియదు. 2000ల దశకంలో మాస్టర్ రెప్లికాస్ కంపెనీ చేసిన ఫేజర్లు (స్టార్ ట్రెక్‌లో కిరణాలు వదిలే తుపాకీలు) కూడా సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతూ ఉంటాయి. అలాంటిది కొనేముందు అమ్మేవాళ్లని మూడు ఫొటోలు అడగండి: బ్యాటరీ అర లోపల, అడుగున ఉన్న నంబరు లేదా గుర్తు, పగటి వెలుగులో నాబ్‌ల క్లోజప్. బ్యాటరీ అర ఫొటో పంపడానికి వెనకాడారంటే లోపల ఆకుపచ్చ తుప్పు ఉన్నట్టే అనుకోండి.

కిట్ కొంటే ఒక మర్యాద ఉంది. ఒకరు నెలల తరబడి కూర్చుని చేసిన మాస్టర్ నమూనా నుంచి పోసిన కిట్‌ని ఇంకొకరు కొని, దానికి అచ్చు తీసి, తక్కువ ధరకి పోసి అమ్మడాన్ని ‘రీకాస్ట్’ అంటారు. ఈ సరదాలో దానికి మించిన చెడ్డపేరు లేదు. వివరాలు మొద్దుబారి, అంచులు కరిగినట్టుండి, ధర అనుమానం వచ్చేంత తక్కువగా ఉంటే అదే. వదిలేయండి.

కస్టమ్స్ సంగతి

విదేశం నుంచి తెప్పిస్తే వస్తువు ధర ఒక్కటే చూసి మురిసిపోవద్దు. సుంకం వస్తువు ధర మీదే కాదు, రవాణా, బీమా కూడా కలిపిన మొత్తం మీద లెక్కేస్తారు. దాని మీద పన్ను. దాని పైన కొరియర్ వాళ్ల సొంత చార్జీ. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. బడ్జెట్ బడ్జెట్‌కీ ఈ లెక్కలు మారుతుంటాయి కాబట్టి కొనే రోజున ఉన్న రేటు చూసుకోండి. గిఫ్ట్ అని రాయిస్తే తప్పించుకోవచ్చని ఇప్పటికీ సలహా ఇచ్చేవాళ్లున్నారు. ఆ వెసులుబాటు 2019 డిసెంబరులోనే పోయింది.

ఇంకో మెలిక. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల బొమ్మలకి మన దేశంలో ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. విదేశీ ప్రాప్‌కి ఆ గుర్తు ఎక్కడుంటుంది? నాకు ఒక ఫేజర్ పంపిన విదేశీ అమ్మకందారు డబ్బా మీద వివరాల దగ్గర “టాయ్ గన్” అని రెండు ముక్కలు రాసి ఊరుకున్నాడు. బొమ్మ, పైగా తుపాకీ! పార్సిల్ ఆరు వారాలు ఆగింది, ఉత్తరాలు నడిచాయి, చివరికి వచ్చినదారినే వెనక్కి పోయింది. రానూపోనూ ఖర్చు నా నెత్తిన పడింది. అందుకని పంపేముందే అమ్మేవాళ్లతో మాట్లాడండి. అది ఏమిటో, దేనితో చేశారో, పెద్దలు అలంకరణకి పెట్టుకునేదో కాదో ఉన్నదున్నట్టు పూర్తిగా రాయమనండి. ధర తగ్గించి రాయమనకండి. పట్టుబడితే వస్తువూ పోతుంది, పరువూ పోతుంది. బ్యాటరీలు తీసి పంపమనండి. నిజం పిస్తోలులా కనిపించేదేదీ తెప్పించకండి. కొన్ని సీరియళ్లలో నిజమైన తుపాకీలకే తొడుగులు వేసి వాడారు, వాటి నకళ్లు చూసేవాళ్లకి తుపాకీలే.

బజారు పర్యటన, చేతిలో వెర్నియర్‌తో

నాకు అసలు రుచి తెలిసింది ఇక్కడే. కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను.

ముందు కొలతలు. తెరమీద వస్తువు సైజు పట్టడానికి, దాని పక్కనే కొలత తెలిసిన ఇంకో వస్తువు ఉన్న ఫ్రేము వెతకాలి. పెన్సిల్ బ్యాటరీ అయితే పొడవు 50 మిల్లీమీటర్లు, మందం 14 చిల్లర. ఏదీ లేకపోతే నటుడి అరచేయే కొలబద్ద. అరచేయి కెమెరా వైపు చాచి ఉన్న షాట్ వద్దు, దగ్గరున్నది పెద్దగా కనిపించి మోసం చేస్తుంది. వస్తువు పక్కకి తిరిగి, కెమెరా నుంచి నటుడి తల ఉన్నంత దూరంలోనే ఉన్న షాట్ చూడండి. ఇదంతా చేశాక, అభిమానులు అసలు వస్తువులు కొలిచి గీసిన డ్రాయింగులతో సరిచూసుకోండి. నేను తెరమీద కొలిచినవాటిలో మొదటివన్నీ కనీసం అరంగుళం తేడాగా వచ్చాయి.

కొలతలతో రాణిగంజ్ వెళ్లండి. అక్కడ మిల్లీమీటర్లు చెబితే పని నడుస్తుంది గానీ, ‘సూత్’ చెబితే పరిగెడుతుంది. ఇంచిలో ఎనిమిదో వంతు ఒక సూత్, అంటే 3.2 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. “నాలుగు సూత్ అల్యూమినియం రాడ్డు ఒక ఫీటు” అంటే అరంగుళం రాడ్డు చేతికొస్తుంది. కమ్యూనికేటర్ మూతకి చిల్లుల రేకు, గొట్టాలు, స్ప్రింగులు, నర్లింగ్ చేసిన (పట్టు కోసం గళ్ల గీతలు కొట్టిన) నాబులు అన్నీ ఆ వీధుల్లో తిరిగితే దొరికేవే. ఫోన్ ఫొటో చూపిస్తే అయోమయపడతారు. కాగితం మీద గీసి చూపిస్తే పెన్ను తీసుకుని మీ బొమ్మని వాళ్లే దిద్దుతారు.

రాడ్డు దొరికాక లేత్ పని బాలానగర్‌లో. చిన్న చిన్న షెడ్లలో పెద్ద కంపెనీల ఆర్డర్ల మధ్య మన ఒక్క ముక్క చేసిపెట్టమంటే వెంటనే ఒప్పుకోరు. మధ్యాహ్నం భోజనాల తర్వాత వెళ్లండి, డ్రాయింగు తీసుకెళ్లండి. నేను తీసుకెళ్లింది 1970ల నాటి సోనిక్: సన్నటి లోహపు ఒళ్లు, చివర ఉంగరంలాంటి తల. మేస్త్రీ డ్రాయింగు చూసి “ఏ పంపు స్పేర్ ఇది?” అన్నాడు. టీవీ సీరియల్లోది, తాళాలు తెరుస్తుంది అన్నాను. కొంచెంసేపు ఆలోచించి, “దొంగల సీరియలా?” అన్నాడు. తాళాలు మరీ సులువుగా తెరుచుకుంటున్నాయని, కథలో బిగువు పోతోందని 1982లో సీరియల్ వాళ్లే దాన్ని పగలగొట్టించేశారని చెప్పాను. ఆ మాటకి మాత్రం తల ఊపాడు. పని అద్భుతంగా చేశాడు. గాడి అంచుల్లో పొడుచుకొచ్చిన పిసరు కూడా లేకుండా ఎమరీ పేపర్‌తో తుడిచి ఇచ్చాడు.

లైటుకి కోఠి గుజరాతీ గల్లీ. ఎల్ఈడీలు, రెసిస్టర్లు, గోరంత స్విచ్‌లు అన్నీ అక్కడే. సన్నటి ప్రాప్‌లో పెట్టడానికి కాలింగ్ బెల్ రిమోట్లలో వాడే 23ఏ బ్యాటరీ బాగుంటుంది. 28 మిల్లీమీటర్ల పొడవు, 10 మిల్లీమీటర్ల మందంలో 12 వోల్టులు ఇస్తుంది. నీలం ఎల్ఈడీకి 3.2 వోల్టులు చాలు కాబట్టి వరుసలో 680 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. 13 మిల్లీఆంపులు పారుతుంది, వెలుతురు సరిపోతుంది. రెసిస్టర్ లేకుండా కలిపితే ఒక్క మెరుపు మెరిసి ఎల్ఈడీ పోతుంది. మొదటి రోజు నాకు రెండు పోయాయి.

ఆదివారం రెండు చోట్ల తిరగొచ్చు. పొద్దున ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు: పాత సైన్సు పత్రికలు, కెమెరా మాన్యువళ్లు, ఒక్కోసారి సీరియళ్ల మీద వచ్చిన ఫొటో పుస్తకాలు. తర్వాత ఎర్రగడ్డ సంత. పాత కెమెరా ఫ్లాషులు, మీటర్ల డయల్స్, టేప్‌రికార్డర్ నాబులు, పనిచేయని స్టాప్‌వాచ్‌లు. ప్రాప్ మీద అతికించే ఇలాంటి చిల్లర ముక్కల్ని ఈ సరదాలో ‘గ్రీబ్లీలు’ అంటారు. పనిచేయదని తెలిసినా పనిచేస్తుందా అని అడగండి, ధర దిగుతుంది. ఫోన్లు, లాప్‌టాప్‌ల జోలికి మాత్రం పోకండి, ఎవరి జేబులోంచి వచ్చాయో తెలియదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత కీబోర్డులు, హీట్‌సింకులు (చిప్‌ల వేడి లాగే రెక్కల లోహపు ముక్కలు) దొరుకుతాయి. హీట్‌సింకు ఒక్కటి నల్లరంగు వేసి అతికిస్తే ఏ తుపాకీ అయినా అంతరిక్షం నుంచి వచ్చినట్టే ఉంటుంది.

త్రీడీ ప్రింటు, ఆపైన అసలు పని

లోహంతో కుదరని ఆకారాలకి త్రీడీ ప్రింటింగ్. నగరంలో గ్రాముల లెక్కన ప్రింట్ చేసిచ్చేవాళ్లు బోలెడుమంది. సొంతంగా నేర్చుకోవాలంటే రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్ ఉంది, 78,000 చదరపు అడుగుల ప్రోటోటైపింగ్ కేంద్రం. ప్రింటుకి ఇచ్చేటప్పుడు పొర మందం 0.12 మిల్లీమీటర్లు అడగండి. వస్తువుని నిలువునా రెండు బద్దలుగా చీల్చి ప్రింట్ చేయిస్తే లోపల వైర్లు, బ్యాటరీ పెట్టుకోవడం సులువు.

ఏ ప్లాస్టిక్ అన్నది మన ఊళ్లో చాలా ముఖ్యం. చవకగా దొరికే పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడుతుంది. మే నెలలో బయట 42 ఉంటే ఎండలో తలుపులు మూసిన కారు లోపల ఆ 60 దాటేస్తుంది. నేను మూడు వారాలు సానబెట్టి రంగు వేసిన ఫేజర్‌ని ఒక మధ్యాహ్నం కారు డ్యాష్‌బోర్డు మీద మరిచిపోయాను. సాయంత్రానికి గొట్టం వాడిపోయిన ములక్కాడలా వేలాడుతోంది. కాబట్టి 80 డిగ్రీల దాకా తట్టుకునే పీఈటీజీ, లేదా ఏబీఎస్ అడగండి. రెజిన్ ప్రింటు నునుపుగా వస్తుంది గానీ గట్టిపడని రెజిన్ చర్మానికి మంచిది కాదు, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి.

ప్రింటర్ నుంచి వచ్చింది ప్రాప్ కాదు, పచ్చి ముక్క. 120 నంబరు సాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి 220, 400 దాకా రుద్దండి. సందుల్లో కార్లకి వాడే పుట్టీ పూయండి. డెంటింగ్-పెయింటింగ్ షాపు వాళ్లని అడిగితే చిన్న డబ్బాలో తీసిస్తారు. బూడిదరంగు ప్రైమర్ ఒక పొర వేయగానే, నునుపు అయిపోయిందనుకున్న చోటల్లా గీతలు పళ్లికిలించి కనిపిస్తాయి. మళ్లీ పుట్టీ, మళ్లీ 400, ఈసారి నీళ్లతో. చివర 800. ఈ చుట్టు మూడుసార్లు తిరిగేసరికి ఓపిక అయిపోతుంది. నాలుగోసారి చేసినవాళ్ల ఫేజరే లోహంలా ఉంటుంది.

స్ప్రే వానాకాలంలో వేయకండి. గాల్లో తేమ ఎక్కువున్నప్పుడు రంగు మీద పాలపొరలాంటి తెలుపు కమ్ముతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మంచు ఆరిపోయిన తర్వాత, మేడ మీద, మాస్కు పెట్టుకుని వేయండి. పక్కింటివాళ్లు బట్టలు ఆరేశారేమో చూసుకోండి. నల్లరంగు ఆరాక మెత్తటి పెన్సిల్ మొనని పొడి చేసి, వేలితో అంచుల మీద రుద్దితే ఇనుము అరిగిన మెరుపు వస్తుంది. నోట్‌బుక్‌లో ఆ షాట్ తెరిచిపెట్టుకుని, చేయి తగిలే చోట మాత్రమే రుద్దాలి. అన్ని చోట్లా అరిగించేయాలన్న మోజు నాకూ ఉండేది. అలా చేస్తే వస్తువు వాడినట్టు ఉండదు, మురికిగా ఉంటుంది.

దాచిపెట్టడం, బయటికి తీసుకెళ్లడం

బ్యాటరీలు తీసేయండి. వాడిన రోజే తీసేయండి. ఆల్కలైన్ బ్యాటరీ కారితే వచ్చే తెల్లటి పొడి క్షారం. దూదికి రెండు చుక్కల నిమ్మరసం తగిలించి తుడిస్తే విరుగుతుంది, తర్వాత ఆరబెట్టండి. పాత రిమోట్లలా బంకబంకగా మారే రబ్బరు పూత ఉన్నవి కొన్నేళ్లకి అలా అవక తప్పదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూత మొత్తం తీసేసి మళ్లీ రంగు వేసుకోవడమే. తెల్ల ప్లాస్టిక్ ఎండ తగిలే షెల్ఫులో పసుపెక్కుతుంది కాబట్టి కిటికీకి ఎదురుగా పెట్టకండి. మూసిన అద్దాల బీరువాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, జూన్‌లో ఒకసారి మార్చండి.

అమర్చడం గురించి పెద్దగా చెప్పను, ఎవరి ఇల్లు వాళ్లది. మా అమ్మ మాత్రం దసరాకి బొమ్మల కొలువు పెట్టినప్పుడు మూడో మెట్టు మీద, కొండపల్లి ఏనుగు అంబారీ పక్కన, నా జానెడు డాలెక్‌ని నిలబెట్టింది. పేరంటానికి వచ్చిన పెద్దావిడ ఒకరు “ఇదేం దేవుడమ్మా?” అని అడిగితే, “మావాడి దేవుడు” అంది.

హైటెక్స్‌లో కామిక్‌కాన్ జరిగేటప్పుడు ప్రాప్ తీసుకెళ్లాలనుకుంటే ముందు వాళ్ల నిబంధనలు చదవండి. తుపాకీ ఆకారంలో ఉన్నదాన్ని చేతిలో ఊపుకుంటూ రోడ్డు మీద నడవకండి. మెట్రో స్టేషన్‌లో బ్యాగు స్కాన్ చేసేవాళ్లకి ఫేజర్ అంటే ఏమిటో వివరించే ఓపిక ఉండదు, అలాంటి రోజు క్యాబ్ నయం. శంషాబాద్ నుంచి విమానం ఎక్కితే బొమ్మ తుపాకీ అయినా సరే చేతి సామానులో అనుమతించరు. చెక్-ఇన్ పెట్టెలో, బ్యాటరీ తీసి, పైన ఒక ఫొటో అతికించి పెట్టండి.

ఇంటికి పిల్లలొస్తారు. బీరువా అద్దానికి ముక్కు ఆనించి “అంకుల్, ఒక్కసారి పట్టుకుంటా” అంటారు. సోనిక్ ఇస్తే రెండు నిమిషాల్లో తల ఊడుతుంది, కమ్యూనికేటర్ ఇస్తే మూత విరుగుతుంది. ట్రిబుల్ ఇవ్వండి. మా ఇంట్లో చేసినవి ఐదు. ఇప్పుడు రెండే ఉన్నాయి, మిగతా మూడూ ఏ ఇళ్లల్లో ఉన్నాయో నాకు తెలుసు, అడగలేదు.